పైసా పోయింది ఫ్లోటింగ్ పాయింట్ వల్ల కాదు

పైథాన్‌లోనో జావాస్క్రిప్ట్‌లోనో 0.1 + 0.2 అని కొట్టి చూడండి. 0.3 రాదు, 0.30000000000000004 వస్తుంది. ప్రోగ్రామింగ్ నేర్చుకునే ప్రతివారికీ ఎవరో ఒకరు ఈ తమాషా చూపిస్తారు. చూపించి రెండు ముక్కలు చెబుతారు: సంఖ్యలను రెండు ఆధారంగా దాచుకునే ఫ్లోటింగ్ పాయింట్‌ను నమ్మకూడదు, డబ్బు లెక్కలకు పది ఆధారంగా దాచుకునే డెసిమల్ రకం వాడాలి. విన్నవారు తల ఊపి, డేటాబేస్‌లో డబ్బు రాసుకునే కాలమ్ రకం మార్చేసి, పీడ విరగడైందని అనుకుంటారు. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ల మధ్య చాలాకాలంగా బతుకుతున్న నాకు ఈ సలహా మీద ఒక ఫిర్యాదు ఉంది. సలహాలో తప్పేమీ లేదు. కానీ అందరూ అక్కడే ఆగిపోవడంతో, అసలు అడగవలసిన ప్రశ్న ఎవరూ అడగకుండా పోతోంది. నెలాఖరున లెక్క తేలక అకౌంట్స్ వాళ్లు తలపట్టుకునే పైసా తేడాల్లో నేను చూసినవి ఎక్కువగా డెసిమల్ వాడిన చోటే వచ్చాయి.

ముందు ఆ తమాషా సంగతి తేల్చేద్దాం. పదో తరగతి గణితంలో వాస్తవ సంఖ్యల పాఠం గుర్తుందా? భిన్నాన్ని సూక్ష్మరూపంలో రాశాక హారంలో 2, 5 తప్ప వేరే ప్రధాన కారణాంకం లేకపోతే అది అంతమయ్యే దశాంశం. ఉంటే అంతంకాని ఆవర్తన దశాంశం. పదికి కారణాంకాలు 2, 5 కాబట్టి ఆ నియమం. కంప్యూటర్ రెండు ఆధారంగా, అంటే బైనరీలో లెక్కిస్తుంది కాబట్టి అక్కడ హారంలో 2 ఒక్కటే ఉండాలి. పదో వంతు హారంలో 5 కూడా ఉంది. మనం 1/3ను 0.3333 అని రాసుకుంటూ పోయినట్టే, బైనరీలో 1/10ని ఎంత దూరం రాసినా తెగదు. ఫ్లోటింగ్ పాయింట్‌కు మామూలుగా వాడే 64 బిట్ల డబుల్ అనే రకంలో సంఖ్యలోని అంకెలకు దక్కే చోటు 53 బిట్లు. అక్కడికి సర్దేసరికి మనం 0.1 అని రాసినది 0.1000000000000000055511151231257827021181583404541015625 అవుతుంది. ఇదేమీ ఉజ్జాయింపుగా చెబుతున్న మాట కాదు. మెమరీలో కూర్చున్న సంఖ్య అక్షరాలా ఇదే. కంప్యూటర్ కూడింది సరిగ్గానే, కాకపోతే మనం ఇచ్చామనుకున్న సంఖ్యలు దానికి చేరలేదు.

పది ఆధారంగా లెక్కించడం ఏ ప్రకృతి నియమమూ కాదు. ఆ సంగతి మన తాతలకు బాగా తెలుసు. 1957 ఏప్రిల్ 1కి ముందు రూపాయికి 16 అణాలు, 64 పైసలు, 192 పైలు. అర్ధరూపాయి, పావలా, బేడ, అణా అంటే వరుసగా రూపాయిలో రెండో వంతు, నాలుగో వంతు, ఎనిమిదో వంతు, పదహారో వంతు. పైల హారంలో మూడు ఉంది కాబట్టి వాటిని పక్కన పెడితే, మిగతావన్నీ బైనరీలో పొల్లుపోకుండా ఇముడుతాయి. ఇంకా వెనక్కి వెళ్తే, పాత తెలుగు లెక్కల్లో భిన్నాలకు వాడిన గుర్తులు నేరుగా నాలుగు ఆధారంగానే ఉన్నాయి. నిలువు గీతలు ౹, ౺, ౻ పావులు. అడ్డగీతలు ౼, ౽, ౾ వీసాలు, అంటే పదహారో వంతులు. ఆ తర్వాతి స్థానంలో మళ్లీ నిలువు గీతలు, అవి అరవైనాలుగో వంతులు. ఈ గుర్తులన్నీ 2008లో యూనికోడ్ 5.1లో చేరాయి కాబట్టే వాటిని ఇక్కడ టైపు చేయగలుగుతున్నాను. ౻౾ అని రాస్తే మూడు పావులూ మూడు వీసాలూ, మొత్తం పదిహేను వీసాలు. ఇవన్నీ బైనరీకి చుట్టాలే. ఇదే పద్ధతిలో పదో వంతు రాయబోతే మాత్రం పావుల స్థానంలో సున్నా, ఆ తర్వాత 1, 2, 1, 2 అంటూ తెగని వరుస వస్తుంది. గంటం పట్టుకున్న లెక్కలవాడికీ కంప్యూటర్‌కూ ఈ విషయంలో ఒకటే ఇబ్బంది.

దశాంశ నాణేలు వచ్చిన రోజున ఈ గొడవ తిరగబడింది. ఒక అణాకు ఆరుంబావు నయాపైసలు. పావుపైసా నాణెం లేదు. అందుకని మార్పిడి పట్టికలో అణాకు 6, బేడకు 12, మూడణాలకు 19, పావలాకు 25 అని ఖాయం చేశారు. రెండు బేడలను విడివిడిగా మార్చుకుంటే 24 పైసలు వస్తాయి, కలిపి పావలాగా మార్చుకుంటే 25. ఆ ఒక్క పైసా ఎవరిది? అక్కడ కంప్యూటరూ లేదు, ఫ్లోటింగ్ పాయింటూ లేదు. ఉన్నదల్లా ఒక పట్టిక, దాన్ని ఏ దశలో వాడాలి అన్న ప్రశ్న. నేను అడగాలంటున్నది సరిగ్గా ఆ ప్రశ్నే.

ఇప్పటి లెక్కకు వద్దాం. విజయవాడ దుకాణంలో రూ.12.50 ఖరీదు చేసే వస్తువు ఉంది, దానిపై 18 శాతం జీఎస్టీ. హైదరాబాద్‌కు పంపితే అది రాష్ట్రాల మధ్య అమ్మకం కాబట్టి ఐజీఎస్టీ రూ.2.25. గుంటూరు కొనుగోలుదారుకు అమ్మితే అదే పన్ను రెండుగా చీలుతుంది: కేంద్రానికి 9 శాతం, రాష్ట్రానికి 9 శాతం. ఒక్కొక్కటి రూ.1.125. దాన్ని పైసల్లోకి సర్దాలి. అర వచ్చినప్పుడు పైకి తోసే పద్ధతిలో 1.13, 1.13 కలిసి 2.26. అర వచ్చినప్పుడు దగ్గరి సరిసంఖ్యకు జరిపే పద్ధతిలో 1.12, 1.12 కలిసి 2.24. అదే వస్తువు, అదే ధర, అదే రేటు. మూడు రకాల పన్ను.

ఇందులో నన్ను ఆకట్టుకునే సంగతి ఒకటుంది. 1.125 అంటే తొమ్మిదికి ఎనిమిదో వంతు. హారం 8 కాబట్టి బైనరీలో అది కచ్చితంగా ఇమిడే సంఖ్య. డెసిమల్‌లోనూ కచ్చితమే. డబుల్‌లో 12.5ను 0.09తో గుణిస్తే సరిగ్గా 1.125 వస్తుంది. అంటే ఏ రకం వాడినా ఇక్కడ ప్రెసిషన్ సమస్య ఇసుమంత కూడా లేదు. అయినా పైసా తేడా వచ్చింది. దీనికి ఫ్లోటింగ్ పాయింట్‌ను తిట్టడం ఎలా కుదురుతుంది?

సరిసంఖ్యకు జరపడం అనేది ఎవరో సరదాకు పెట్టిన నియమం కాదు. అరను ఎప్పుడూ పైకే తోస్తే లక్షల లెక్కల్లో మొత్తం నెమ్మదిగా పైకి జరుగుతుంది. సరిసంఖ్యకు జరిపితే సగం సార్లు పైకీ సగం సార్లు కిందికీ పోయి దాదాపు సమమవుతుంది. పైథాన్ 3 ఈ పద్ధతే పాటిస్తుంది కాబట్టి 2.5ను రౌండ్ చేస్తే 2 ఇస్తుంది. జావాస్క్రిప్ట్ రౌండ్ 3 ఇస్తుంది. ఎక్సెల్ కూడా 3 ఇస్తుంది. సరే, ఆ రెండూ ఒకే మాట మీద ఉన్నాయనుకుంటే, మైనస్ 2.5 ఇచ్చి చూడండి. జావాస్క్రిప్ట్ మైనస్ 2 అంటుంది, ఎక్సెల్ మైనస్ 3 అంటుంది. చాలా సంస్థల్లో బిల్లు చూపే పేజీ జావాస్క్రిప్ట్‌లో, దాన్ని భద్రపరిచే సర్వర్ పైథాన్‌లో, సరిచూసే అకౌంట్స్ విభాగం ఎక్సెల్‌లో పనిచేస్తాయి. సరుకు వాపసు వచ్చి క్రెడిట్ నోట్ తయారైనప్పుడు మొత్తాలు మైనస్‌లోకి పోతాయి. ఆ రోజున ముగ్గురూ మూడు మాటలు మాట్లాడితే ఆశ్చర్యమేముంది?

ఇక డెసిమల్ మీద ఉన్న భక్తి. పైథాన్ డెసిమల్ మామూలుగా 28 అంకెల వరకు లెక్కిస్తుంది. దానితో ఒకటిని మూడుతో భాగించి, వచ్చినదాన్ని తిరిగి మూడుతో గుణించండి. ఒకటి రాదు. 0.9999 అంటూ 28 తొమ్మిదులు వస్తాయి. అదే పని మామూలు ఫ్లోట్‌తో, అంటే ఫ్లోటింగ్ పాయింట్ సంఖ్యలతో చేస్తే కచ్చితంగా 1.0 వస్తుంది! ఫ్లోట్ గొప్పదని ఇందుకు చెప్పడం లేదు, అక్కడ రౌండింగ్ అదృష్టవశాత్తూ కలిసొచ్చింది. డెసిమల్ వాడగానే లెక్క కచ్చితమైపోదని చెప్పడానికి మాత్రం ఇది చాలు. ఈ విషయంలో జావా భాషలో బిగ్‌డెసిమల్ అనే డెసిమల్ రకం చూపే నిజాయితీ నాకు నచ్చుతుంది. ఎన్ని అంకెలు కావాలో, ఎలా రౌండ్ చేయాలో చెప్పకుండా ఒకటిని మూడుతో భాగించమంటే, ఫలితం తెగదంటూ ఎక్సెప్షన్ (లోపం ఉందన్న సందేశం) విసిరి పని ఆపేస్తుంది. కొత్తవాళ్లు దీన్ని విసుగ్గా చూస్తారు. నాకు మాత్రం ముందు నిర్ణయం చెప్పండి, తర్వాతే లెక్క అని పట్టుబట్టే పెద్ద గుమాస్తా కనిపిస్తాడు.

మూడుతో భాగించే అవసరం వ్యాపారంలో ఎంత వస్తుందని కొట్టిపారేయకండి. 365తో భాగించే పని రోజూ ఉంటుంది. 365 అంటే 5 ఇంటూ 73. ఆ 73 ఉన్నంతవరకు రోజువారీ వడ్డీ దశాంశాల్లో తెగదు. సేవింగ్స్ ఖాతాల వడ్డీని రోజువారీ నిల్వ మీద లెక్కించాలన్న రిజర్వు బ్యాంకు నిబంధన 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. వెయ్యి రూపాయలకు 3 శాతం వడ్డీ అనుకుంటే రోజుకు 8.219 పైసల చిల్లర. దీన్ని ప్రతిరోజూ పైసలకు సర్ది డెసిమల్ కాలమ్‌లో రాసుకుంటూ పోతే రోజుకు 8 పైసలు, ఏడాదికి రూ.29.20. ఖాతాదారుకు రావలసింది రూ.30. ఎనభై పైసలు ఎగిరిపోయాయి. కాలమ్ రకం డెసిమలే, ప్రతి కూడికా కచ్చితమే, నియమం ప్రకారం చేసిన రౌండింగే. చేయకూడని దశలో చేశారు, అంతే. చిల్లరను పోగేసుకుంటూ వెళ్లి, వడ్డీ జమచేసే రోజున ఒక్కసారి సర్దాలి.

ఈ రోగం బాగా ముదిరిన ఉదాహరణ కెనడాలోని వాంకూవర్ స్టాక్ ఎక్స్ఛేంజ్‌ది. 1982 జనవరిలో అక్కడ ఒక సూచీని 1000 పాయింట్లతో మొదలుపెట్టారు. ప్రతి లావాదేవీ తర్వాత సూచీని మళ్లీ లెక్కించి, మూడు దశాంశ స్థానాల తర్వాత ఉన్నదాన్ని తెగ్గొట్టేవారు. సర్దడం లేదు, నరకడమే. ఒక్కోసారి పోయేది సగటున 0.0005 పాయింటు. రోజుకు ఇంచుమించు 2,800 సార్లు లెక్కిస్తే రోజుకు 1.4 పాయింట్లు గల్లంతు. మార్కెట్ బాగానే ఉన్నా సూచీ మాత్రం దిగజారుతూ 1983 నవంబరుకు 524.811కు చేరింది. తప్పు దిద్ది తిరిగి లెక్కిస్తే వచ్చినది 1098.892. ఫ్లోటింగ్ పాయింట్ ప్రమాదాల జాబితాల్లో ఈ కథ తప్పకుండా కనిపిస్తుంది. కానీ చూడండి, మూడు దశాంశ స్థానాల దగ్గర నరకడం పూర్తిగా దశాంశ వ్యవహారం. డెసిమల్ రకంతో రాసినా ఆ సూచీ అదే దారిలో పడిపోయేది.

ఇదే జాబితాల్లో ఉండే రెండో కథ విషాదం. 1991 ఫిబ్రవరి 25న సౌదీ అరేబియాలోని ధహ్రాన్‌లో పేట్రియాట్ క్షిపణి వ్యవస్థ, వస్తున్న ఇరాక్ స్కడ్ క్షిపణిని అందుకోలేకపోయింది. 28 మంది అమెరికా సైనికులు చనిపోయారు. ఆ వ్యవస్థ కాలాన్ని సెకనులో పదో వంతులుగా లెక్కపెట్టి, 24 బిట్ల ఫిక్స్‌డ్ పాయింట్‌లో (భిన్నానికి ఎన్ని బిట్లో ముందే ఖాయం చేసిన రూపంలో) నిల్వ ఉన్న 0.1తో గుణించేది. ఆ 0.1లో సెకనులో కోటి భాగాల్లో ఒక భాగం మేరకు లోపం. వంద గంటలు ఆపకుండా నడిచేసరికి అది సెకనులో మూడో వంతయింది. ఆ వ్యవధిలో స్కడ్ అర కిలోమీటరుకు పైగా దూసుకుపోతుంది. ఇక్కడ 0.1 బైనరీలో తెగని మాట నిజమే. కానీ స్కడ్‌ను ఎక్కడ వెతకాలో తేల్చేటప్పుడు, ఒకే లోపం ఉన్న రెండు సమయాల్లో ఒకదాన్నుంచి మరొకటి తీసివేస్తే ఆ లోపం చాలావరకు రద్దయ్యేది. అయితే కాలాన్ని మరింత కచ్చితంగా మార్చే కొత్త రొటీన్‌ను (చిన్న కోడ్ ముక్కను) కోడ్‌లో కొన్ని చోట్ల పెట్టి, మరికొన్ని చోట్ల పాతదే ఉంచేశారు. రెండు కొలతలు రెండు నియమాలతో వచ్చాయి. సగం మెరుగుపరచడం, అసలు మెరుగుపరచకపోవడం కన్నా ప్రమాదకరమైంది. సవరించిన సాఫ్ట్‌వేర్ ధహ్రాన్ చేరింది మరునాడు.

ఇన్ని నిందలు మోస్తున్న ఫ్లోటింగ్ పాయింట్‌కు నిజానికి ఒక లిఖిత రాజ్యాంగం ఉంది. ఒకప్పుడు ఒక్కో కంపెనీ కంప్యూటర్ ఒక్కో రకంగా లెక్కించేది. 1985లో ఐట్రిపుల్ఈ అనే ఇంజనీర్ల సంస్థ 754 ప్రమాణం వచ్చి ఆ అరాచకాన్ని ముగించింది. దాని రూపకల్పనలో ముఖ్యుడైన విలియం కహాన్‌కు 1989లో ట్యూరింగ్ అవార్డు దక్కింది. కూడిక, తీసివేత, గుణకారం, భాగహారం, వర్గమూలం ఏది చేసినా, కచ్చితమైన జవాబును ఒకే ఒక్కసారి, చెప్పిన పద్ధతిలో సర్దినట్టు ఫలితం రావాలని ఆ ప్రమాణం శాసిస్తుంది. చివరి బిట్ వరకు ఎవరేం చేయాలో రాసి ఉంది. మనం రాసే ఇన్‌వాయిస్ ప్రోగ్రాముల్లో ఎన్నింటికి ఇలాంటి పత్రం ఉంది? నియమం రాసుకున్నదాన్ని నమ్మలేమని ఈసడించి, నియమమే లేనివాటితో జనం డబ్బు లెక్కిస్తున్నాం.

అలాగని డబ్బును ఫ్లోట్‌లో పెట్టమని నేను అనడం లేదు. పెట్టకండి. పైథాన్‌లో 2.675ను రెండు స్థానాలకు సర్దితే 2.67 వస్తుంది, ఎందుకంటే లోపల ఉన్నది 2.675 కన్నా పిసరంత తక్కువ. అర దగ్గర ఏ వైపు వాలుతుందో కంటితో చూసి చెప్పలేని సంఖ్యలతో చట్టం చెప్పిన రౌండింగ్ చేయలేం. పైసలను పూర్ణాంకాలుగా పెట్టుకోవడం నాకు ఇష్టమైన దారి. చాలా చెల్లింపు సంస్థల ఏపీఐలు (వేరే ప్రోగ్రాములు వాటితో మాట్లాడే మార్గాలు) కూడా మొత్తాన్ని పైసల్లోనే అడుగుతాయి. ఇందులోనూ ఒక మెలిక ఉంది: వందతో గుణించడం అన్ని కరెన్సీలకూ చెల్లదు. కువైట్ దీనారుకు వెయ్యి ఫిల్సులు. కడప నుంచి, గోదావరి జిల్లాల నుంచి వెళ్లినవారు ఇంటికి డబ్బు పంపే యాప్‌లో వంద అని గట్టిగా రాసిపెట్టారంటే మూడో అంకె ఏమవుతుందో ఊహించుకోండి. జపాన్ యెన్‌కు అసలు చిల్లరే లేదు.

కొలతలకు మాత్రం ఫ్లోట్‌ను మించింది లేదు. గ్రహాంతర నౌకలకు దారి చూపే లెక్కల్లో నాసా వారి జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీ వాడే π విలువ 3.141592653589793, అంటే మన డబుల్‌లో పట్టే పాటిదే. వాతావరణానికి, వంతెనలకు, బొమ్మలకు డెసిమల్ కావాలని వాదించేవారు ఏ ఉష్ణమాపకం పదహారో అంకె చూపిస్తుందో చెప్పాలి.

డబ్బు దగ్గర నియమం రాయడం ఎలా ఉంటుందో యూరప్ చూపించింది. యూరో రాకముందు, 1997లో చేసిన నిబంధన చదివితే న్యూమరికల్ అనాలిసిస్ (లెక్కల్లో లోపాలు ఎలా పెరుగుతాయో చూసే గణితం) తెలిసినవారెవరో పక్కన కూర్చుని రాయించినట్టు ఉంటుంది. మారకపు రేట్లకు ఆరు సార్థక అంకెలు ఉండాలి. వాటిని కుదించకూడదు. రేటును తిరగేసి వచ్చిన విలోమ రేటు వాడకూడదు. ఒక దేశపు డబ్బును మరో దేశపు డబ్బులోకి మార్చాలంటే యూరో ద్వారానే వెళ్లాలి, ఆ మధ్య మొత్తాన్ని మూడు దశాంశాలకు తక్కువ కాకుండా ఉంచాలి. సరిగ్గా అర వస్తే పైకి. విలోమం మీద అంత పట్టుదల ఎందుకంటే, యూరోకు 1.95583 జర్మన్ మార్కులు. పది లక్షల మార్కులను దానితో భాగిస్తే 511291.88 యూరోలు. విలోమాన్ని 0.511292గా కుదించి గుణిస్తే 511292. పన్నెండు సెంట్లు ఎక్కడినుంచో ఊడిపడ్డాయి. అటూ ఇటూ మారుస్తూ పోతే ఎవడో ఒకడు దాన్ని జీవనోపాధి చేసుకుంటాడు.

మన దగ్గర సీజీఎస్టీ (కేంద్ర జీఎస్టీ) చట్టం 170వ సెక్షన్ ఒక మెట్టు దగ్గర ఈ పని చేసింది. చెల్లించాల్సిన పన్ను, వడ్డీ, జరిమానా వంటి మొత్తాలను దగ్గరి రూపాయికి సర్దాలి, 50 పైసలు, ఆపైన ఉంటే రూపాయి, తక్కువైతే వదిలేయాలి. మంచిదే. కానీ అంతకుముందు మెట్లు ప్రోగ్రామర్ చేతిలోనే ఉంటాయి. రూ.4.95 ధర ఉన్న పది వస్తువులు, ఒక్కోటి ఒక్కో వరుసలో. వరుసకు 18 శాతం అంటే 89.1 పైసలు. వరుసవారీగా సర్ది కూడితే రూ.8.90. మొత్తం రూ.49.50 మీద లెక్కిస్తే రూ.8.91. బిల్లు రెండో పద్ధతిలో వేసి, తర్వాత కొనుగోలుదారు ఒక్కొక్కటిగా పదీ వాపసు చేస్తే, వరుసవారీగా 89 పైసల చొప్పున తిరిగి ఇచ్చాక దుకాణం దగ్గర ఒక పైసా మిగులుతుంది. వంద రూపాయలను ముగ్గురికి పంచే యాప్‌లోనూ ఇదే కథ. 33.34, 33.33, 33.33. ఆ ఎక్కువ పైసా ఎప్పుడూ జాబితాలో మొదటివారి మీదే పడితే, జాబితా అక్షరక్రమంలో ఉన్నప్పుడు అకారంతో పేరున్నవారంతా జీవితాంతం కట్టుకుంటూ పోవాలి.

ఈ విషయంలో ప్రోగ్రామర్ల కన్నా మన ఊరి దుకాణాల లెక్కలు రాసేవారు ఎంతో ముందున్నారు. టాలీ వాడే ఏ గుమాస్తానైనా అడగండి, రౌండ్ ఆఫ్ పేరుతో విడిగా ఒక లెడ్జర్ చూపిస్తారు. బిల్లు రూ.1,249.60 అయితే 1,250 అని రాసి, ఆ నలభై పైసలు రౌండ్ ఆఫ్ ఖాతాలోకి వేస్తారు. డెబిట్, క్రెడిట్ కలవాలి కాబట్టి పైసా దాక్కోవడానికి చోటు ఉండదు. ఏడాది చివర్లో ఆ ఖాతా నిల్వ చూస్తే, సర్దుబాటు ఎటువైపు ఒరిగిందో తెలిసిపోతుంది. వాంకూవర్ సూచీకి అలాంటి ఖాతా ఒకటి ఉండి ఉంటే, మొదటి వారంలోనే ఎవరో ఒకరు అది ఒకే దిక్కుగా పెరుగుతోందని గమనించేవారు.

అందుకే ఇన్‌వాయిస్ టేబుల్ డిజైన్ నా ముందుకు వచ్చినప్పుడు, ఫ్లోటా డెసిమలా అన్న సంగతికి ముందు మూడింటిని వెతుకుతాను: రౌండింగ్ ఏ దశలో జరుగుతోంది, అర వస్తే ఎటు, మిగిలిన తేడా ఏ కాలమ్‌లో పడుతోంది. చివరిదానికి చోటు పెట్టమంటే ఒక్క పైసా కోసం కాలమ్ దండగ అనేవారు ప్రతి జట్టులోనూ ఉంటారు. ఆ కాలమ్ లేని సిస్టమ్‌లో ఒక్క పైసా కోసం నెలాఖరున ముగ్గురు మనుషులు సాయంత్రమంతా వెతుకుతూ కూర్చుంటారు. వాళ్ల జీతం ఏ ఖాతాలో రాసుకోవాలో కూడా ఆ జట్టువారే చెప్పాలి.